స్టీరింగ్ బాక్స్ కారుతుంటే ఆయిల్ పోస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పాత లారీల్లో స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరిగేలా చేసే గేర్ల పెట్టె, అంటే స్టీరింగ్ బాక్స్ కింద, దాన్ని చక్రాల వైపు కలిపే డ్రాప్ ఆర్మ్ అనే కడ్డీ దగ్గర నల్లగా జిడ్డు పట్టి నేల మీద మరక పడుతున్నా, చాలామంది ఓనర్లు ఆయిల్ పోసి బండి పంపేస్తున్నారు. ఆయిల్ తగ్గితే పవర్ స్టీరింగ్ పంపు మూలుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, లోడుతో ఘాట్ దిగే డ్రైవర్ టెన్షన్ ఇక చెప్పక్కర్లేదు. కొందరు మెకానిక్‌లేమో ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు ఒక్కటి మార్చి చేతులు దులుపుకుంటారు. బాక్స్‌లోంచి డ్రాప్ ఆర్మ్‌కు వచ్చే షాఫ్ట్ మీద గోటికి తగిలేంత గాడి పడినా, బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతున్నా కొత్త సీలు ఎన్నాళ్లు ఆగుతుంది? అప్పుడు బాక్స్ దింపి పూర్తిగా విప్పి చేయించాల్సిందే, గేర్లు కూడా పోతే బాక్స్ మొత్తం మార్చేయడమే మేలు. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా, రంగు, స్టిక్కర్లతో పాటు కాస్త కిందకి వంగి ఈ బాక్స్ కూడా చూడాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక లారీ ఓనర్, విజయవాడ