వార్షిక నివేదిక 2024-25: ఢిల్లీ స్టాలు, నుమాయిష్ స్టాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన చేనేత సంఘం రెండు పెద్ద ప్రదర్శనల్లో స్టాలు పెట్టింది. నవంబరు 14 నుంచి 27 వరకు ఢిల్లీ భారత్ మండపంలో జరిగిన అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన ఒకటి, హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ రెండోది. నూలు పంపిణీ, ఆగస్టు 7న చేనేత దినోత్సవం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడి కాగితంలో ఉన్నాయి. ఈసారి ఢిల్లీలో మనం చేసిన తప్పుల గురించే ఎక్కువ రాస్తున్నాను. డబ్బు పోసి నేర్చుకున్నవి కదా, అందరికీ తెలియాలి.

అసలు తప్పు బయల్దేరకముందే జరిగింది. ఢిల్లీ కూడా ఇంకో నుమాయిషే అనుకున్నాం. అక్కడ మొదటి 5 రోజులు వ్యాపారులవి, మామూలు జనం వచ్చేది 19 నుంచి. మనవాళ్లు తొలిరోజే చీరలు దొంతర్లుగా పేర్చి, ఒక్కటీ పోలేదని రెండో రోజుకే దిగాలుపడ్డారు. వచ్చినవాళ్లు చీర అడగలేదు. ఇదే డిజైను నెలకు ఎన్ని మీటర్లు ఇస్తారు, టోకు ధరెంత, ఎన్నాళ్లకు పంపుతారు అని అడిగారు. స్టాల్లో ఉన్న పిల్లలకు హిందీ వచ్చు, జవాబే రాదు. ఊరికి ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. అది నా తప్పు. ఒక వార్పు (మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు నూలు) మీద 7, 8 చీరలు దిగుతాయనీ, చిటికి కట్టి (రంగు అంటకుండా నూలుకు అక్కడక్కడ ముడులు కట్టి) రంగులద్ది మగ్గం ఎక్కేదాకా ఎన్నాళ్లు పడుతుందనీ మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అదే ఒక కాగితం మీద రాసిస్తే సరిపోయేది.

ఢిల్లీలో ఆ వ్యాపారులిచ్చిన విజిటింగ్ కార్డులన్నీ ఒక చీర డబ్బాలో వేశారు. ఆ డబ్బా సంక్రాంతి తర్వాత నుమాయిష్ సరుకులో బయటపడింది. ఎవరు ఏమడిగారో ఏ కార్డు వెనకా రాసి లేదు. ఫోన్లు చేశాం. చాలామంది మనల్ని గుర్తే పట్టలేదు. ఒకాయన మాత్రం మర్యాదగా, వేరేచోట కొనేశానన్నాడు.

మనం తీసుకెళ్లిన పసుపు బల్బుల కింద ఎరుపు పట్టు మెరూన్‌లా కనిపించింది. తెల్ల లైట్లు కావాలి.

మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మృతికి సంతాపంగా ఈసారి నుమాయిష్ జనవరి 1న కాకుండా 3న మొదలైంది. అక్కడ మొదట్లో బల్ల అడ్డంగా వేసుకుని, వెనక కుర్చీల్లో కూర్చున్నాం. జనం చూస్తూ నడిచిపోయారు. ఇకత్ (మన చిటికి నేత) డిజైను అచ్చేసిన ప్రింటు చీర తక్కువకు దొరుకుతుంటే మీదెందుకు ఇంత అని అడిగినవాళ్లకు, ఇది చేనేత అనడం తప్ప ఇంకో మాట లేదు మా దగ్గర. మన పెద్దాయన ఒకరు వచ్చి బల్ల పక్కకు జరిపించి, సగం చిటికి కట్టిన నూలు ఫ్రేము ముందు పెట్టారు. చీర తిరగేసి చూపించారు. దారానికే ముందు రంగు పడుతుంది కాబట్టి రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది, డిజైను అంచుల్లో రంగు కాస్త చెదురుతుంది. ప్రింటుకు సాధారణంగా వెనక వెలవెలబోతుంది. అంతే, బేరమాడేవాళ్లు కూడా నిలబడి విన్నారు. నన్నడిగితే స్టాలు అలంకారానికి పెట్టిన ఖర్చు కంటే ఆ ఫ్రేమే ఎక్కువ పనిచేసింది.

కాగితాల పని కూడా ముందే చూసుకోవాలి. 50 వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసుకునే పత్రం) కావాలి. వేరే రాష్ట్రంలో తాత్కాలికంగా అమ్మడానికి జీఎస్టీ క్యాజువల్ రిజిస్ట్రేషన్ అవసరమైతే, అమ్మకానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. చేనేతకు మినహాయింపులున్నాయి, అవి మనకు వర్తిస్తాయో లేదో దసరాలోపే ఆడిటరు చేత చూపిద్దాం.

వచ్చే నవంబరుకు కార్యవర్గం అనుకున్నది ఇదీ: మొదటి 5 రోజులకు చీరలు తగ్గించి, గుడ్డ ముక్కల నమూనాలు, టోకు ధరల పట్టిక తీసుకెళ్లాలి. ఆ రోజుల్లో మగ్గం లెక్క తెలిసిన నేతగాడు ఒకరు స్టాల్లో తప్పక ఉండాలి. తిరిగొచ్చిన వారంలో కార్డులిచ్చిన వాళ్లందరికీ ఫోన్లు వెళ్లాలి. ఎవరు ఏమడిగారో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం కొని సంఘం ఆఫీసులో పెట్టాం. ఢిల్లీ రాదలచినవారు అందులోనే పేరు రాయండి. ఇప్పటికి ఇద్దరే రాశారు, వాళ్లలో ఒకరిని నేనే.

మీ కార్యదర్శి