ఆదివారం కొండపైకి: సూర్యాస్తమయం ఫొటోల కోసం

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సముద్రం పక్కనున్న కొండ ఎక్కుతున్నాం. మధ్యాహ్నం 2 గంటలకల్లా కొండ దిగువన ఉండండి. శీతాకాలం కదా, పొద్దు త్వరగా వాలిపోతుంది. సూర్యుడు దిగడానికి గంట ముందే పైన ట్రైపాడ్‌లు నిలబెట్టాలి. ఆలస్యమైన వారి కోసం ఆగలేం, సూర్యుడూ ఆగడు!

బ్యాటరీల సంగతి మాత్రం శ్రద్ధగా చదవండి. చలికి చార్జింగ్ త్వరగా పడిపోతుంది. అదనపు బ్యాటరీని సంచిలో కాకుండా చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. పోయినసారి సూర్యుడు సరిగ్గా నీటి అంచును తాకుతుండగా నా కెమెరా ఆగిపోయింది. బ్యాటరీని గుప్పిట్లో వెచ్చబెడితే మళ్లీ పనిచేసింది కానీ, అప్పటికే చీకటి పడింది.

పైన గాలి ఎక్కువ. సంచిని ట్రైపాడ్‌కు తగిలించి, అడుగు నేలకు ఆనేలా ఉంచండి. లేకపోతే అదే ఊగి ఫొటో చెదురుతుంది. లెన్స్ తుడవడానికి మెత్తటి గుడ్డలు రెండు తెచ్చుకోండి.

పెద్ద జూమ్ లెన్స్ పెట్టి ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి (కెమెరాకు కన్ను ఆనించి చూసే గాజు కిటికీ) సూర్యుణ్ణి చూడకండి. కళ్లు దెబ్బతింటాయి.

సూర్యుడు మునగగానే సర్దుకోవద్దు. మంచి రంగులు చాలాసార్లు ఆ తర్వాతే వస్తాయి.

దిగేది చీకట్లో. తలకు పెట్టుకునే లైటు తప్పనిసరి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు రాయండి. కారులో చోటున్నవారు అదీ చెప్పండి.

మరొక్క మాట: ఇంటికి చేరాక కెమెరాను గంటసేపు సంచిలోనే ఉంచండి. వెంటనే తీస్తే లెన్స్‌పై తేమ పడుతుంది.