మా మిరియం సంగతి

ఒరేయ్,

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే గుసగుసగా "తర్వాత చేస్తాలే" అని పెట్టేశానని అలిగావట కదా! మీ ఆవిడ మా ఆవిడతో చెప్పేసింది. ముందు కారణం వినరా బాబూ. సరిగ్గా ఆ నిమిషంలో 800 గ్రాముల ప్రాణి ఒకటి, మా ఇంటికొచ్చిన పదహారో రోజున, మొదటిసారి నా మోకాలి మీద ముందుకాలు పెట్టింది. నీ ఫోన్ మోగింది, కాలు తీసేసింది. అలగాల్సింది నేను.

మా స్కూల్లో ఆటసామాన్ల గది ఉంది చూశావు, దాంట్లో పాత వాలీబాల్ నెట్ల మధ్య పిల్లి ఈనింది. తల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పే రకం. ఒక్కొక్కదాన్నీ ఎటో తరలించేసింది, ఇది ఒక్కటే మిగిలిపోయింది. రెండు రోజులు చూశాం, తల్లి మళ్ళీ రాలేదు. నల్లగా ఇంత ఉండేది. బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చాను. అమ్మ గుమ్మంలోనే "నల్లపిల్లిని ఎవరైనా చేతులారా తెచ్చుకుంటారట్రా?" అంది. మా చిన్నది వెంటనే మిరియం అని పేరు పెట్టేసింది. ఇక ఇంట్లో అమ్మ మాట చెల్లలేదు.

మొదటి రోజు మేం చేసిన తెలివితక్కువ పనులన్నీ రాస్తే ఈ కాగితం చాలదు. పెట్టె తీసుకెళ్ళి హాలు మధ్యలో తెరిచాం. పక్కవాటా పిల్లలు నలుగురు చుట్టూ మూగారు. అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. అంతే, నల్లటి గీత ఒకటి గాల్లో కనపడింది, తర్వాత ఫ్రిజ్ వెనకనుంచి బుస్సుమని శబ్దం. తొమ్మిది గంటలు బయటికి రాలేదు. నేను ఊరుకోవాలా, "పాపం ఆకలేస్తోందేమో" అని చెయ్యి దూర్చి లాగబోయాను. చెవులు తలకి అంటుకుపోయాయి, కళ్ళల్లో నలుపు తప్ప ఇంకేం లేదు, తోక సీసాలు కడిగే బ్రష్షులా అయింది. అవన్నీ కనపడుతున్నా లాగాను. మణికట్టు మీద మూడు గీతలు పెట్టింది. రక్తం రాలేదు గానీ తోలు లేచింది.

ఇక్కడ మాత్రం వెటకారం లేదు, శ్రద్ధగా విను. కుళాయి కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు గడియారం చూసి కడిగి, వెంటనే సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. టీకాలు వేయించని పిల్లి గీరితే "చిన్నదే కదా" అనుకోకూడదు. రేబిస్ రాకుండా 0, 3, 7, 28 రోజుల్లో ఇంజెక్షన్లు, వెళ్ళినప్పుడల్లా రెండు భుజాలకీ. మూడుసార్లు అయ్యాయి, ఒకటి మిగిలింది.

మర్నాడు పశువుల డాక్టరు గారికి చూపించాను. నులిపురుగుల మందు వేశారు, టీకాల లెక్క రాసిచ్చారు. ఆయన చెప్పిన ముక్క నాకు బాగా పట్టింది. పిల్లిపిల్ల పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలితే మనిషిని తనవాడనుకుంటుందట. ఆ గడువులో మనిషి వాసనే ఎరగకపోతే, తర్వాత మనం దానికి ఏనుగంత పులులం. దీనికి రెండు నెలలు దాటాయి. "ఆలస్యమైంది గానీ మించిపోలేదు. ఒకటే పని, మీరు దాని దగ్గరికి వెళ్ళకండి, దాన్నే రానివ్వండి" అన్నారు.

వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడు! నలభై ఏళ్ళొచ్చినా నాకు చేతకానిది అదే కదా. పెళ్ళిచూపుల్లో కూడా నేనే ముందు మాట్లాడేశానని నువ్వే ఊరంతా చెప్పావు.

సరే, వెనక గది ఖాళీ చేశాం. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే దానికి అడవిలో వదిలినట్టే. బీరువా కింద సందుల్ని దిండ్లతో మూసేశాం, దాక్కోవడానికి మాత్రం అట్టపెట్టెకి కన్నం చేసి అమ్మ పాత నేత చీర పరిచాం. దాక్కునే చోటు తీసేస్తే భయం పోదు, పెరుగుతుంది. ఒక మూల వెడల్పాటి బేసిన్లో ఇసుక, తిండిగిన్నె దానికి ఎదురు మూల. తిండి ఎప్పుడూ పెట్టి ఉంచకుండా వేళకి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. నేనొస్తే కడుపు నిండుతుందని దానికి తెలియాలి.

అప్పుడే క్వార్టర్లీ పేపర్ల కట్టలు వచ్చిపడ్డాయి. రోజూ సాయంత్రం ఆ గదిలో చాపేసుకుని, దానివైపు వీపు పెట్టి, పేపర్లు పైకి చదువుతూ దిద్దేవాణ్ణి. నా గొంతు అలవాటవ్వాలని. ఎనిమిదో తరగతివాళ్ళు రాసిన వ్యాసాలన్నీ వినేసింది. నదుల మీద రాయమంటే నది ఒడ్డున ఆవు కట్టి, అక్కణ్ణుంచి ఆవు వ్యాసం అందుకున్నవాళ్ళు ముగ్గురు. నాలుగో రోజున వెనక నుంచి గిన్నె గీరుతున్న చప్పుడు. తిరగలేదు. మెడ పట్టేసినా తిరగలేదు!

చూపు సంగతి ఇంకో ముచ్చట. రెప్ప వెయ్యకుండా చూస్తే పిల్లికి అది కయ్యానికి పిలుపు. నెమ్మదిగా కళ్ళు మూసి, నెమ్మదిగా తెరవాలి. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో పరీక్షపెట్టి చూస్తే, అలా రెప్పలు వాల్చిన కొత్తమనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయట. పిల్లి కళ్ళు మూసుకోవడం మీద మనకి తెలిసిన సామెత ఒకటే కదా. ఇక్కడ కళ్ళు మూసుకోవలసింది నేను. ఎనిమిదో రోజున అది కూడా మూసి తెరిచింది. మా ఆవిడని పిలిచి చెబితే "నిద్రొచ్చిందేమో" అంది.

మధ్యలో అమ్మకి జాలి కలిగి, ఎవరికీ చెప్పకుండా గిన్నెడు ఆవుపాలు పెట్టింది. రాత్రంతా విరేచనాలు. పిల్లంటే పాలు అనేది మన భ్రమేరా, చాలావాటికి అవి అరగవు. ఇప్పుడు కోడి కార్జం ఉడికించి మెత్తగా చేసి పెడుతున్నాం. ఉప్పూ కారం లేకుండా, ఉల్లి వెల్లుల్లి అసలే తగలకుండా; అవి పిల్లికి విషం. పొడుగాటి చెంచా చివర పెట్టి అందిస్తే మొదట మెడ మాత్రం చాచేది. చెంచా రోజుకి కాస్త కురచగా పట్టుకుంటూ వచ్చాను, ఆఖరికి నా వేలు నాకింది. గరుకుగా, ఉప్పుకాగితం రుద్దినట్టు.

కుక్కర్ భయానికీ ఉపాయం చేశాం. చిన్నది ఆ కూతని ఫోన్లో రికార్డు చేసింది, తిండి పెట్టేటప్పుడు వినీవినపడనట్టు పెట్టి, రోజూ కాస్త పెంచుతోంది. పక్కింటావిడ "రాత్రి తొమ్మిదింటికి ఏం వండుతున్నారండీ?" అని అడిగింది. అంతా సాఫీగా లేదులే. పదకొండో రోజున గ్యాస్ బండ దించిన చప్పుడుకి మళ్ళీ పెట్టెలోకి పోయి రెండు రోజులు మొహం చూపించలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ చాప, మళ్ళీ ఆవు వ్యాసం.

అలా వచ్చింది ఆ ఆదివారం. కొబ్బరీనెకి గుడ్డపీలిక కట్టి నేల మీద పాములా ఆడిస్తున్నాను. అది వెంటపడి వెంటపడి అలసి, నా కాళ్ళ దగ్గర ఆగి, మోకాలి మీద కాలు వేసి నా మొహంకేసి చూసింది. అప్పుడు నువ్వు! సరేలే, మర్నాడు మళ్ళీ వచ్చింది. గడ్డం కింద ఒక్క వేలితో గోకితే (తల పైనుంచి చెయ్యి తేకూడదు, గద్ద అనుకుంటుంది) గొంతులోంచి సన్నగా గుర్రు మొదలైంది. వినపడటం కంటే వేలికి తెలిసింది ముందు. ఇవాళ ఇరవై రెండో రోజు. పేపర్ల కట్ట మీద పడుకుంది, ఇంకా పదిహేడు దిద్దాలి, లేపబుద్ధి కావడం లేదు. అమ్మ "నల్లముండ" అని తిడుతూనే చీర మడతలు సర్దుతోంది.

దీపావళి టపాకాయల గురించే టెన్షన్‌గా ఉంది. ఆ రాత్రి కిటికీకి పరుపు అడ్డంపెట్టి నేనూ ఆ గదిలోనే కూర్చుంటాను.

కార్తీకంలో గోదావరి స్నానానికి అత్తయ్యగారితో కలిసి రాజమండ్రి వస్తానన్నావు కదా. తప్పకుండా రండి. వచ్చే పది రోజుల ముందు మాత్రం నీ పాత తువ్వాలు ఒకటి, ఉతక్కుండా, కొరియర్‌లో పంపు. దాని పెట్టె పక్కన పెడతాను. నీ వాసన ముందుగా అలవాటైతే, నువ్వొచ్చినప్పుడు ఫ్రిజ్ వెనక్కి పోకుండా ఉంటుంది. మీ ఆవిడ ఉతకబోతుంది, దాచిపెట్టి పంపు.

నీ
వాగుడుకాయ మాస్టారు