పాముల విభాగం సెప్టెంబరు 25 దాకా మూసి ఉంటుంది: కారణం నేనే చెబుతాను

అమెరికాలోని ఫ్రిస్కోలో ఉన్న మా సరీసృపాల దుకాణానికి కొన్నేళ్లుగా వస్తున్న తెలుగు కుటుంబాలకు నమస్కారం. ఈ సంగతిని ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో రాసి తలుపుకు అంటించాను. అయితే మీలో చాలామంది పిల్లల పట్టుదలకు లొంగి, నా మాట మీద నమ్మకం పెట్టి పామును ఇంట్లోకి రానిచ్చినవారు; మీకు ఆ నాలుగు ముక్కలు సరిపోవు. మా దుకాణంలో పాములకు మైట్లు (రక్తం తాగే చిన్న పురుగులు) పట్టాయి. మే 24 నుంచి జూన్ 14 వరకు మేము అమ్మిన 23 పాములలో దేనితోనైనా అవి కొన్నవారి ఇంటికి చేరి ఉండవచ్చు. ఆ 23 ఇళ్లకూ నేనే స్వయంగా ఫోను చేశాను. ఇప్పటికి ఏడు చోట్ల మైట్లు కనిపించాయి.

మన ఊళ్లలో పశువులకు పట్టే పిడుదులకూ, మిరప చేలను పీడించే నల్లికీ ఈ మైటు దూరపు చుట్టం. మిల్లీమీటరుకు మించని నల్లటి చుక్కలా ఉంటుంది. పాము పొలుసుల సందుల్లో, కంటి చుట్టూ, గడ్డం కింది గీతలో, బాల్ పైథాన్ (పెంచుకునే చిన్న కొండచిలువ) పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటల్లో దాక్కుని రక్తం తాగుతుంది. కడుపు నిండిన ఆడది పామును విడిచి, చీకటిగా తేమగా ఉన్న సందు వెతుక్కుని 60 నుంచి 80 దాకా గుడ్లు పెడుతుంది. కనుక పామును ఎంత శుభ్రం చేసినా సగం పనే అవుతుంది. మిగతా సగం తొట్టె మూలల్లోనూ, చెక్క పగుళ్లలోనూ ఉంటుంది.

దీనిని మొదట కనిపెట్టింది నేను కాదు, మా దగ్గర మొక్కజొన్న పాము (కార్న్ స్నేక్) కొనుక్కోవడానికి ఏడాదిగా డబ్బు కూడబెట్టుకుంటున్న ఒక పదకొండేళ్ల అమ్మాయి. జూన్ 14న ఒక తొట్టె ముందు వంగి చూసి, "అంకుల్, ఈ నీళ్లలో మిరియాల పొడి ఎందుకు వేశారు?" అని అడిగింది. గిన్నె అడుగున పాతిక దాకా నల్లటి నలుసులు ఉన్నాయి. ఆ పాము మూడు రోజులుగా నీళ్లలోంచి బయటికి రాకపోతే కుబుసం విడవబోతోందని అనుకున్నాను. దాన్ని చేతిలోకి తీసుకుని తెల్లటి టిష్యూతో తల నుంచి తోక దాకా తుడిచాను. కాగితం మీద పడిన నలుసులు నడవడం మొదలుపెట్టాయి. ఆ అమ్మాయి వెనకే గోడ మీద "మైట్లు లేని దుకాణం" అని ఎనిమిదేళ్ల కిందట నేను రాయించిన బోర్డు వేలాడుతోంది.

ఇక అవి వచ్చిన దారి గురించి. మే 6న పక్క రాష్ట్రం నుంచి 14 బాల్ పైథాన్ పిల్లలు వచ్చాయి. పంపినాయన పేరు చెప్పను. ఆరేళ్లుగా ఆయన దగ్గర కొంటున్నాను, ఆయన కూతురి పెళ్లికి కూడా వెళ్లాను. ఎవరి దగ్గర కొన్న పామునైనా 60 రోజులు వెనక గదిలో విడిగా ఉంచాలన్నది నా నియమమే. ఆయన పంపిన పాము పిల్లలు కదా అన్న ధీమాతోనూ, వేసవి సెలవుల రద్దీ వల్లనూ వీటిని 18 రోజులకే ముందు గదిలోకి తెచ్చాను. అంతేకాక, వెనక గదిలో తెల్లటి పేపర్ టవల్ పరచవలసింది పోయి, చూడటానికి బాగుంటుందని కొబ్బరి పొట్టు పోశాను. తెల్లటి కాగితం మీద రెండో రోజే కనిపించవలసినవి ఆ పొట్టులో కలిసిపోయాయి. ఇంతవరకు తప్పు నాది, దానిని ఎవరి మీదికీ నెట్టడం లేదు.

అయితే ఫోను చేసినప్పుడు ఆయన అన్న మాటను కూడా రాయకుండా ఉండలేను. "మీ దుకాణంలోనే పట్టి ఉంటాయి, మా దగ్గర అలాంటివి ఉండవు" అన్నారు. ఆయన పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. పాములను సంచుల్లో కట్టి పంపిన ఆ పెట్టెను మే 6న టేపు వేసి మూసి అటక మీద పెట్టాను, మళ్లీ తెరవలేదు. ఆ రాత్రి తెరిచి చూస్తే సంచుల కుట్ల వెంబడి చచ్చి ఎండిన మైట్లు ఉన్నాయి. ఫొటోలు పంపాను. రెండు రోజులకు, వచ్చే సరుకులో సగం ధర తగ్గిస్తానని సందేశం వచ్చింది; క్షమించమన్న మాట అందులో లేదు. ఆ సగం ధర నాకు అక్కర్లేదని జవాబిచ్చాను. తొందరపడ్డానని మా ఇంట్లో అంటున్నారు. కావచ్చు, కానీ ఆ మాట వెనక్కి తీసుకోను.

నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది మాత్రం ఆయన కాదు, మైట్లకు ఏ మందు వాడాలన్నది. ఈ మైట్లను వేటాడి తినే మరో జాతి మైట్లు దొరుకుతాయి. తొట్టెలో చల్లితే అవి సందుల్లోకి దూరి ఈ మైట్లనూ వాటి గుడ్లనూ తింటాయి. పాము జోలికి రావు, తిండి అయిపోతే తామే చనిపోతాయి. నెలనెలా మీ పిల్లలకు నేను చెప్పే తరగతిలో ఎప్పుడూ సమర్థించింది ఈ పద్ధతినే. రెండోది పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే. వేగంగా పనిచేస్తుంది, అయితే కీటకాలనూ, సాలీళ్లనూ, చేపలనూ చంపుతుంది, తడిగా ఉన్నప్పుడు పిల్లులకు ప్రమాదం. మా దుకాణంలో చిమ్మెట్లు (మేతకు అమ్మే కీచురాళ్లు), టారంటులాలు (పెద్ద సాలీళ్లు), చేపల తొట్లు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. రెండింటినీ కలిపి వాడదామంటే, ఆ మందు వేటాడే మైట్లను కూడా మిగల్చదు. ఒకటే ఎంచుకోవాలి.

వేటాడే మైట్లకే ఆర్డరు పెట్టి, మర్నాడు పొద్దున్నే రద్దు చేసుకున్నాను. అవి నిదానంగా పనిచేస్తాయి. ఆలోగా 64 పాములున్న ర్యాకుల మధ్య నా చేతుల మీదా, చొక్కా మడతల్లోనూ, పట్టకారుల మీదా మైట్లు తిరుగుతూనే ఉంటాయి. పిల్లల ముందు మాట తప్పినవాణ్ణి అవుతానన్న బాధ తప్ప, ఆ పద్ధతిని పట్టుకుని వేలాడటానికి నాకు వేరే కారణం దొరకలేదు. చిమ్మెట్లనూ టారంటులాలనూ మా ఇంటి గ్యారేజీకి తరలించాను, చేపలను ఒక మిత్రుడికి అప్పగించాను. చెక్క గూళ్లు, కొమ్మలు మొత్తం పారేశాను. పాములను ఖాళీ టబ్బుల్లోకి మార్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఖాళీ తొట్టెలకు మాత్రమే మందు కొట్టి, పూర్తిగా ఆరాకే వాటిని తిరిగి పెట్టాను. గుడ్ల మీద ఈ మందు పనిచేస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి ఇప్పటికి మూడుసార్లు కొట్టాను. జూన్ 27 తర్వాత ఒక్క మైటు కూడా కనిపించలేదు. అయినా అక్కడి నుంచి 90 రోజులు లెక్కపెట్టి, సెప్టెంబరు 25 దాకా ఒక్క పామును కూడా అమ్మను.

ఆ 23 ఇళ్లకు మందు, పేపర్ టవళ్లు, కొత్త ప్లాస్టిక్ గూళ్లు ఉచితంగా ఇస్తున్నాను. సరీసృపాల వైద్యుడికి చూపిస్తే ఆ బిల్లు నాది. పామును వెనక్కి ఇచ్చేస్తామంటే పూర్తి డబ్బు ఇస్తాను, కారణం అడగను. మందును పాము ఒంటి మీద కొట్టకండి, లేబులు మీద ఉన్నదాని కంటే ఎక్కువ వాడకండి, కుక్కల గోమార్ల మందును వైద్యుడిని అడగకుండా ముట్టుకోకండి. ఆలివ్ నూనె రాస్తే పోతుందని ఎవరైనా చెబితే, పాము మీద ఉన్న కొన్ని చస్తాయేమో గానీ తొట్టెలోని గుడ్లకు ఏమీ కాదని గుర్తుంచుకోండి. ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు వాడమని నాకు ముగ్గురు సలహా ఇచ్చారు; తాబేళ్లకు అది ప్రాణాంతకం, మీలో సగం మంది ఇళ్లలో తాబేలు కూడా ఉంది.

ఇకపై కొత్తగా వచ్చే ప్రతి పాము వేరే గదిలో, తెల్లటి కాగితం మీద, 90 రోజులు ఉంటుంది. ఆ గదిలోని పనిని రోజు చివరలోనే చేస్తాను, అక్కడి పట్టకారులు ఆ గది దాటి రావు. బోర్డు తీసేశాను, దాని చోట గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది, రంగు వేయించలేదు.

చిమ్మెట్లు కావలసినవారు ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా మా గ్యారేజీకి రావచ్చు. దయచేసి మీ పామును వెంట తీసుకురాకండి. అనుమానం ఉంటే తెల్లటి టిష్యూతో తుడిచి, ఆ టిష్యూ ఫొటో పంపండి.