మీ నాన్నగారి గదిలో కెమెరా గురించి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. సగం తిట్లే ఉన్నాయి, వాటి సంగతి కలిసినప్పుడు తేల్చుకుందాం. అసలు విషయానికొస్తా. మీ నాన్నగారి గదిలో కెమెరా పెడతానంటున్నావు. మొహం చూసి గుండె వేగం, బీపీ, ఆక్సిజన్ అన్నీ చెప్పేస్తుందని నీకెవరో చెప్పారు. కొనమంటావా అని అడిగావు. కొనకు. కనీసం ఇది పూర్తిగా చదివేదాకా ఆగు.

అలాగని అదంతా బూటకమని కాదురా. గుండె కొట్టుకున్నప్పుడల్లా మొహంలోని సన్నటి నాళాల్లోకి రక్తం వచ్చిపడుతుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి, ఆ క్షణంలో చర్మం రంగు పిసరంత మారుతుంది. మన కంటికి ఆనదు గానీ కెమెరాకి దొరుకుతుంది. 2008లో వెర్‌క్రూయిస్ అనే ఆయన, మరో ఇద్దరు కలిసి గదిలో ఉన్న వెలుతురులోనే, మామూలు కెమెరాతో దీన్ని పట్టుకున్నారు. 2012లో అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్లు ఆ కాస్త మార్పునీ పెద్దది చేసి వీడియోగా చూపిస్తే, మామూలుగా కూర్చున్న మనిషి మొహం గుండె లయకి తగ్గట్టు ఎర్రబడుతూ పాలిపోతూ కనిపించింది! మొదటిసారి చూసినప్పుడు నాకైతే ఒళ్లు జలదరించింది.

కానీ మనిషి కదలకూడదు, వెలుతురు మారకూడదు. టీవీ చూస్తుంటే తెర వెలుగు మొహం మీద ఆడుతూ ఉంటుంది, ఇక లెక్క గోవిందా. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఆ రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం కాంతిని మింగేస్తుంది కాబట్టి అందే సంకేతమే తక్కువ. గుండె వేగం దాకా సరే, బీపీకి మాత్రం చేతికి పట్టీ చుట్టే మిషన్‌నే నమ్ముకో.

నా దృష్టిలో కెమెరా గొప్పతనం అక్కడ లేదు. ఒకే మనిషిని, ఒకే తీరుగా, నెలల తరబడి తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడటంలో ఉంది. ఆక్రోమెగాలీ అని ఒక జబ్బుంది. సాధారణంగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల పెరుగుదల హార్మోన్ ఎక్కువై ముక్కు, దవడ, చేతులు, పాదాలు ఏళ్ల మీద కొద్దికొద్దిగా పెరుగుతాయి. రోజూ చూసే ఇంట్లోవాళ్లకే తెలియదు, అద్దంలో చూసుకునే ఆ మనిషికీ తెలియదు. అందుకే డాక్టర్లు పాత ఫొటోలు తెమ్మంటారు.

బ్రయాన్ షా అని అమెరికాలో బేలర్ యూనివర్సిటీ రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆయన కొడుక్కి పసితనంలోనే కంట్లో క్యాన్సర్ బయటపడింది. తర్వాత వెనక్కి వెళ్లి ఇంట్లో తీసిన ఫొటోలన్నీ వెతికితే, ఫ్లాష్ పడినప్పుడు కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా మెరిసినవి అంతకుముందు వాటిలోనే ఉన్నాయి. ఆయన బృందం ఆ తెల్లదనాన్ని పట్టే ఫోన్ యాప్ తయారుచేసింది. 2019లో వాళ్లు ప్రచురించిన చిన్న అధ్యయనంలో, కంటి జబ్బున్న పిల్లల్లో నూటికి 80 మందికి, జబ్బు తేలకముందు తీసిన ఫొటోల్లోనే ఆ మెరుపును యాప్ పట్టుకుంది. ఇంటినిండా ఫొటోలే, ఆ కంటితో చూసినవాళ్లు లేరు, అంతే.

ఇక మీ నాన్నగారి కాలి పుండు. షుగరున్న మనిషి కాబట్టి నాకు ఆయన గుండె వేగం కంటే ఇదే ముఖ్యం. మా అమ్మకి ఇలాగే అయినప్పుడు మేం పాటించిన పద్ధతి చెప్తా, అలాగే చెయ్యి. కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి తుడిచాకే ఫొటో తియ్యాలి. ముందే తీస్తే చీమూ మందూ కలిసి ఏ రంగో అర్థం కాదు. కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాయం చేసుకో, వారానికోసారి అదే వేళకి, అక్కడే. ఫ్లాష్ ఆపెయ్. మొహాలకి నునుపు పెట్టే ఫిల్టర్లన్నీ తీసెయ్. పుండు పక్కనే, చర్మానికి ఆనుకునేలా చిన్న కాగితం స్కేలు, దాని మీద తేదీ రాసి పెట్టు. ఒక తెల్ల కాగితం ముక్క కూడా ఫొటోలో పడేలా చూడు. ఫోన్ తనంతట తాను రంగులు సర్దేస్తుంది, తెల్లకాగితం పసుపుగా పడిందంటే పుండు ఎరుపునీ నమ్మనక్కర్లేదు. ఫోన్ తిన్నగా పుండుకి ఎదురుగా ఉండాలి, ఏటవాలుగా పట్టుకుంటే పుండు చిన్నదైనట్టు కనిపించి సంబరపడిపోతావు. తూకపురాయి పూటకొకటి మారిస్తే ఆ తూకం ఎవరికి పనికొస్తుంది చెప్పు?

ఇంత చాదస్తం ఎందుకంటే, నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికైనా తగ్గకపోతే వైద్యం మళ్లీ మొదట్నుంచీ చూసుకోవాలని డాక్టర్ల లెక్క. స్కేలు లేని ఫొటోలో సగం ఎంతో ఎలా తెలుస్తుంది? అయితే కెమెరాకి వాసన తెలియదు, వేడి తెలియదు, లోతు సరిగా తెలియదు. షుగర్ వల్ల పాదం మొద్దుబారి ఆయనకి నొప్పీ తెలియకపోవచ్చు. దుర్వాసన వచ్చినా, నల్లబడినా, ఎరుపు పైకి పాకినా, జ్వరమొచ్చినా వచ్చే వారం ఫొటో కోసం ఆగొద్దు, ఆ రోజే పరుగెత్తు.

పుట్టుమచ్చలకీ ఇదే సూత్రం, అందులోనూ అసలు చూడాల్సింది మార్పే. నీ వీపు మీది ఆ పెద్ద మచ్చకి కూడా ఒక ఫొటో తీయించి పెట్టుకో, ఎలాగూ నీకు కనపడదు.

గదిలో కెమెరా ఎందుకంటే పడిపోతారని భయం అన్నావు. భయం న్యాయమే. కానీ ఆయన బట్టలు మార్చుకునే గది అది, రాత్రి ఒంటరిగా లేచి కూర్చునే గది. నువ్వు దూరం నుంచి ఫోన్లో చూస్తూ ఉంటావని తెలిస్తే ఆయన ఒక్కరోజైనా మనశ్శాంతిగా పడుకుంటారా? దానికి బదులు వరండాలో నేల మీద 4 మీటర్ల దూరానికి రెండు టేపు గీతలు వెయ్యి. రెండు చివర్లా కొంచెం చోటు వదిలి, నెలకోసారి ఆయన మామూలుగా నడుస్తుంటే పక్కనుంచి వీడియో తియ్యి. ఆ దూరానికి 5 సెకన్లు, అంతకు మించి పడుతుంటే నడక నెమ్మదించినట్టే, డాక్టరుకి చూపించాలి. సెకన్లు ఒక్కటే కాదు, అడుగు ఈడుస్తున్నారా, తిరిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా అన్నది పాత వీడియోతో పోల్చి చూడు. పడిపోవడానికి ముందే తెలిసేది అక్కడే.

ఇంకొకటి, ఈ ఫొటోలు కుటుంబం గ్రూపులో పెట్టావంటే నీ పని చెప్తా. ఆయన కాలు పదిమంది వేళ్ల కింద తిరగాల్సిన అవసరం లేదు. విడిగా ఒక ఫోల్డర్ పెట్టు, మొహం పడనివ్వకు, డాక్టరుకి మాత్రం చూపించు.

వీటన్నిటికన్నా ముందు ఆయన్ని అడుగు. మాట వరసకి కాదు, వద్దంటే మానేసేలా అడుగు. నాకు తెలిసి మీ నాన్నగారు కాలి ఫొటోకి ఒప్పుకుంటారు, నడక వీడియోకి నాలుగు మాటలు అంటారు, గదిలో కెమెరా అనేసరికి మాత్రం లేచి వెళ్లిపోతారు. ఏమన్నారో వెంటనే రాయి.

నీ
సుబ్బు