పారేసుకున్న రోజు నుంచి మొదలుపెట్టు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. నువ్వు తిట్టుకున్న తిట్లన్నీ ఇక్కడికి వినిపించాయి, వాటిలో ఒకటి రెండు కొత్తవి కూడా ఉన్నాయి. తప్పు నాదే. రెండుసార్లు కలం పట్టి "ఉభయకుశలోపరి" దగ్గరే ఆగిపోయాను. అందరూ బాగున్నారు, మోకాలి నొప్పి తగ్గింది, నీ పుస్తకం నా దగ్గరే భద్రంగా ఉంది (ఎప్పుడు పంపుతానని అడగకు). అసలు సంగతికి వచ్చేస్తా, ఇక ఆగడం నా వల్ల కాదు.

"నాలుగొందల మందికి సెక్యూరిటీ కీలు అలవాటు చేయమన్నారు, స్లైడ్లు తయారు, జనం మాత్రం మొండికేస్తున్నారు" అని రాశావు. అదే, లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటర్‌కి గుచ్చి వేలితో తాకే ఆ బుల్లి పరికరాలు. స్లైడ్లు కూడా జతచేశావు, చూశాను. మొదటి పన్నెండింటిలో దొంగలు, వైరస్‌లు, ముసుగు వేసుకున్న మనిషి బొమ్మ (ఆ బొమ్మ తీసెయ్, చూస్తే మన "పెద్దాయన" గుర్తొస్తున్నాడు). తర్వాత కీ అంటే ఏమిటి, ఎలా నమోదు చేసుకోవాలి. చిట్టచివర చిన్నక్షరాల్లో ఒక్క లైను: "కీ పోయినచో హెల్ప్‌డెస్క్‌ను సంప్రదించగలరు."

ఆ లైనుని మొదటికి తీసుకురా. నేను చెప్పాలనుకున్నదంతా ఇంతే, మిగతాది దానికి తోక.

వాళ్ళది మొండితనం కాదురా, భయం. ఆ చిన్న ముక్క చేతిలో పెట్టగానే ప్రతివాడికీ లోపల పుట్టే ప్రశ్న ఒకటే: "ఇది పోతే?" నెలాఖరున, సాయంత్రం ఆరింటికి, రిపోర్టు పంపాల్సిన వేళ కీ కనబడకపోతే తన గతేమిటి? దానికి జవాబు దొరికేదాకా నువ్వు చెప్పే మిగతా నలభై నిమిషాలూ చెవికెక్కవు. పైకి మాత్రం "మాకు టైము లేదండీ", "ఇంతకాలం ఏమైంది?" అంటారు. నువ్వు ఆ మాటలకి జవాబు చెబుతూ కూర్చుంటావు.

కాబట్టి ఇలా చెయ్. మొదటి ఐదు నిమిషాల్లో గదిలో ఒకరి కీ తీసుకుని నీ జేబులో వేసుకో. "ఇప్పుడు మీ కీ పోయింది. ఏం చేస్తారు?" అని అడుగు. అందరి ముందే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయించు, స్పీకర్ పెట్టించు. వాళ్ళు మనిషిని గుర్తుపట్టాలి, తాత్కాలిక పాస్ (కీ లేకపోయినా లాగిన్ కానిచ్చే, గడువున్న కోడు) ఇవ్వాలి, ఆయన లాగిన్ అవ్వాలి, పోయిన కీని ఖాతాలోంచి తీసేయాలి. గడియారం చూడు. పది నిమిషాల్లోపు అయితే సగం యుద్ధం గెలిచినట్టే. నలభై నిమిషాలు పట్టిందా, ఆ గదిలో అందరూ నేర్చుకునే పాఠం అదే, నీ స్లైడ్లు ఎవరికీ గుర్తుండవు. అందుకే మొదటి క్లాసు ఉద్యోగులకి కాదు, హెల్ప్‌డెస్క్ వాళ్ళకి. ఈ ముక్క కింద గీత గీసుకో.

ఆ తాత్కాలిక పాస్ ఉంది చూశావూ, మైక్రోసాఫ్ట్ వాళ్ళ దాంట్లో 10 నిమిషాల నుంచి 30 రోజుల దాకా ఎంతసేపు పనిచేయాలో నువ్వే పెట్టుకోవచ్చు. దయతలచి 30 రోజులు పెట్టెయ్యకు! ఆ రోజు గడవడానికి సరిపడా ఇస్తే చాలు. మనిషిని గుర్తుపట్టడానికి పుట్టినరోజు, ఉద్యోగి నంబరు అడగడం దండగ, అవి ఎవరికైనా దొరుకుతాయి. హెచ్‌ఆర్ రికార్డులో ఉన్న నంబరుకి హెల్ప్‌డెస్కే తిరిగి ఫోన్ చేయాలి, పై మేనేజరు కూడా అవునని చెప్పాలి. 2023లో అమెరికాలోని క్యాసినోల సంస్థ ఎంజీఎం రిసార్ట్స్ కంప్యూటర్ల మీద దాడి మొదలైంది హెల్ప్‌డెస్క్‌కి చేసిన ఫోన్ కాల్‌తోనే అని అప్పట్లో అన్ని పత్రికలూ రాశాయి. తలుపుకి ఎంత గట్టి తాళం వేసినా, అడిగినవాడికల్లా మారు తాళంచెవి ఇచ్చే గుమాస్తా ఉంటే ఏం లాభం?

మారు తాళంచెవి అంటే గుర్తొచ్చింది. మనిషికి రెండు కీలు. ఒకటి కాదు, రెండు. బడ్జెట్ లేదంటారు, పట్టు విడవకు. రెండూ ఒకే విడతలో నమోదు కావాలి. "రెండోది తీరిగ్గా చేసుకోండి" అన్నావా, అది డబ్బాలోంచి బయటికి రాదు. ఒకటి ఇంటి తాళాల గుత్తికి, రెండోది తాళం వేసే సొరుగులోనో ఇంట్లోనో. రెండూ ఒకే సంచీలో పెట్టుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. సంచీ పోతే రెండూ పోతాయని విడమరిచి చెప్పు, నవ్వుతారు, కానీ వింటారు.

క్లాసుకి ఎనిమిది నుంచి పది మంది, అంతకు మించొద్దు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలి, ఎవరి ఖాతాలో వాళ్ళు చేయాలి. డెమో ఖాతాలో నువ్వు చేసి చూపిస్తే అందరూ తలూపుతారు, సీటుకి వెళ్ళాక ఒక్కరికీ రాదు. ముందు వారమే ల్యాప్‌టాప్‌ల పోర్టులు లెక్క పెట్టించు: యూఎస్‌బీ-ఏ ఎన్ని, సీ ఎన్ని. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, తప్పు కీ వచ్చినవాడు ఆ రోజుతో నీకు శత్రువు.

తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో రాస్తాను, నువ్వు గది వెనక నించుని చూడు, వరసగా ఇవే వస్తాయి.

నమోదు మొదలెట్టగానే బ్రౌజరో విండోసో ముందుగా "ఈ కంప్యూటర్‌లోనే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవి) దాచుకో" అనో, ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనో అడుగుతుంది. సగంమంది సరే నొక్కేసి అయిపోయిందనుకుంటారు. కీ మాత్రం ఖాళీగానే ఉంటుంది! "సెక్యూరిటీ కీ" అన్నది విడిగా ఎంచుకోవాలి. తర్వాత పిన్. అక్కడ ఆఫీసు పాస్‌వర్డ్ కొట్టేస్తారు. ఇది కీ సొంత పిన్ అని, ఆ కీలోనే ఉంటుందని, ఖాతాతో సంబంధం లేదని రెండుసార్లు చెప్పు. చాలా కీలకి కనీసం 4 అక్షరాలు చాలు, నువ్వు 6 పెట్టించు. వరసగా 3 సార్లు తప్పు కొడితే కీ పీకి మళ్ళీ పెట్టాలి. మొత్తం 8 సార్లు తప్పితే పిన్ లాకైపోతుంది, ఇక రీసెట్ తప్ప దారిలేదు. రీసెట్ చేస్తే ఆ కీ మీద నమోదైనవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండో కీ ఎందుకో అప్పుడు అర్థమవుతుంది అందరికీ.

కీ మీదుండే బంగారు చుక్కని వేలిముద్ర యంత్రం అనుకుంటారు. మామూలు కీలో అది ముద్ర చదవదు, ఎదురుగా మనిషి ఉన్నాడా లేదా అనే చూస్తుంది. "నా వేలిముద్ర మీ దగ్గర దాచుకుంటారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, మెచ్చుకుని జవాబు చెప్పు. బలంగా నొక్కక్కర్లేదు, తాకితే చాలు, నొక్కి నొక్కి పోర్టు వంచేస్తారు. చేతికి గ్లవ్స్ ఉంటే పనిచేయదు, గోదాములోనో ల్యాబులోనో పనిచేసేవాళ్ళని ముందే కనుక్కో. ఫోనుకి తాకించాలంటే ఐఫోన్‌లో పై అంచు దగ్గర పెట్టాలి, ఆండ్రాయిడ్‌లో చాలావాటికి వెనక నడిమధ్య.

ఇంకొకటి ఉంది, నువ్వు పడీపడీ నవ్వుతావు. యూబీకీని (యూబికో కంపెనీ చేసే కీ) పొరపాటున తాకితే, అది తన్ను తాను కీబోర్డు అనుకుని 44 అక్షరాలు టైపు చేసేస్తుంది, సాధారణంగా "సీసీసీసీ" అంటూ మొదలై. మేనేజరుకి రాస్తున్న మెసేజిలో, లెక్కల షీటు మధ్యలో, ఎక్కడ కర్సర్ ఉంటే అక్కడ, పైగా చివర ఎంటర్ కూడా కొట్టి మరీ! అచ్చం మన చతుర్ముఖుడు మైకు దొరికినప్పుడు చేసినట్టే. జనం హడలిపోయి "పాస్‌వర్డ్ బయటపడింది" అని పరిగెత్తుకొస్తారు. అది ఒక్కసారి వాడే పాత పద్ధతి కోడు, మీరు వాడేది అది కాదు. పంచేముందే యూబికో అథెంటికేటర్ అనే వాళ్ళ యాప్‌లో ఆ ఓటీపీ సదుపాయం ఆపేసి ఇవ్వు. ఎనిమిదొందల కీలకి విసుగే, కానీ తర్వాత నాలుగొందల ఫోన్లు రావు.

రిమోట్ డెస్క్‌టాప్‌తో (ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడినుంచే నడుపుతూ) పనిచేసేవాళ్ళని, ఒకే కంప్యూటరు పంచుకునే షిఫ్టులవాళ్ళని మాత్రం అందరితో కలపకు. వాళ్ళకి విడిగా ముందే పరీక్షించాలి. అక్కడ కీ అవతలి యంత్రానికి చేరాలంటే వేరే సెట్టింగులు ఉంటాయి… సరే, అది ఫోన్లో చెబుతా, రాస్తే పేజీలు.

"అసలెందుకిదంతా?" అన్నదానికి ముసుగు మనిషి అక్కర్లేదు. అచ్చం మీ లాగిన్ పేజీలా ఉండే ఉత్తుత్తి పేజీ ఒకటి, అడ్రసులో ఒక్క అక్షరం తేడాతో, టెస్టు సర్వర్లో పెట్టించు. టెస్టు పాస్‌వర్డ్ కొట్టించు, తీసుకుంటుంది. ఓటీపీ కొట్టించు, అదీ తీసుకుంటుంది. ఇప్పుడు కీ పెట్టించు: కదలదు. తను నమోదైన అడ్రసు అది కాదు కాబట్టి కీ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. మనిషి మోసపోవచ్చు, కీ మోసపోదు. 2022లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సంస్థలో సరిగ్గా ఇదే జరిగింది. ఎస్సెమ్మెస్ నమ్మి ముగ్గురు ఉద్యోగులు దొంగ పేజీలో పాస్‌వర్డ్ ఇచ్చేశారు, కీలు ఉండబట్టి దొంగలు లోపలికి రాలేకపోయారు. ఆ ముగ్గురినీ సంస్థ శిక్షించలేదు. ఈ చివరి వాక్యం గట్టిగా చెప్పు, జనం దానికే చెవి ఒగ్గుతారు.

అదే ఏడాది ఊబర్‌లో ఒక కాంట్రాక్టరు ఫోనుకి "ఒప్పుకో, ఒప్పుకో" అని నోటిఫికేషన్ల మీద నోటిఫికేషన్లు పంపి, చివరికి ఒప్పించారు. కీలు అందరికీ చేరేలోపు కనీసం తెరమీద అంకె చూసి ఫోనులో కొట్టే పద్ధతి పెట్టు. మైక్రోసాఫ్ట్ 2023 మేలో దాన్ని తప్పనిసరి చేసింది. జనానికి ఒకే సూత్రం చెప్పు: "నేను మొదలుపెట్టని లాగిన్‌కి నేను ఒప్పుకోను, వెంటనే చెబుతాను."

ఇక నువ్వు అడగనిది ఒకటి. ఇస్తున్నావు సరే, ఏం తీసేస్తున్నావు? 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్పు ఇంకా ఉందిగా మీకు? అది ఎత్తేయించు. ఆ నియమాలకి మూలమైన 2003 నాటి అమెరికా ప్రభుత్వ పత్రం రాసిన బిల్ బర్, తను రాసిన వాటిలో చాలావాటికి పశ్చాత్తాపపడుతున్నానని 2017లో తనే చెప్పాడు. అదే ఏడాది ఆ పత్రం వెలువరించిన ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ తన కొత్త పత్రంలో, దొంగల చేతికి చిక్కిందన్న ఆధారం ఉంటే తప్ప మార్పించొద్దంది. ఆంజెలా సాస్ అనే పరిశోధకురాలు ఉంది, ఆవిడ బృందం మాట ఇది: మనిషి ఓపిక కూడా బడ్జెట్ లాంటిదే, ఒక నియమానికి ఖర్చుపెడితే ఇంకో నియమానికి మిగలదు. ఆ 90 రోజుల పీడ వదిలిందని కీ ఇచ్చే రోజునే ప్రకటించు. మొహాలు చూడు అప్పుడు.

ఉద్యోగుల్ని పరీక్షించడానికని దొంగ మెయిళ్ళు మీరే పంపి, అందులో లింకు నొక్కినవాళ్ళ పేర్లు మేనేజర్లకి ఇస్తున్నారని రాశావు. ఒరేయ్, ఇది చదివి నాకు ఒళ్ళు మండింది. 2020 డిసెంబరులో గోడాడీ (వెబ్‌సైట్ పేర్లు అమ్మే కంపెనీ) వాళ్ళు తమ ఉద్యోగులకి 650 డాలర్ల బోనస్ అని ఉత్తుత్తి మెయిలు పంపి, తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక సంస్థలో 14 వేల మందికి పైగా ఉద్యోగుల్ని 15 నెలలు గమనించారు. నొక్కాక చూపించే పాఠం పేజీ వల్ల వాళ్ళు గట్టిపడలేదు. పనికొచ్చింది ఏమిటంటే, మెయిలు మీద అనుమానం వస్తే ఆ సంగతి సంస్థకి తెలియజేసే బటన్. కాబట్టి ఎందరు మోసపోయారని లెక్కపెట్టకు, ఎందరు ఎంత త్వరగా చెప్పారో లెక్కపెట్టు. చెప్పిన ప్రతివాడికీ "చూశాం, మంచి పని చేశారు" అని ఆ రోజే జవాబు వెళ్ళాలి. జవాబు రాని బటన్ ఎవరూ రెండోసారి నొక్కరు.

పాత దారి మూసేసే తేదీ ముందే చెప్పు. శుక్రవారం వద్దు, జీతాల వారం అసలే వద్దు. "ఇదీ ఉంటుంది, అదీ ఉంటుంది" అన్నావా, అందరూ పాతదే వాడతారు, దొంగ కూడా పాతదే వాడతాడు. మినహాయింపు ఇస్తే దానికి గడువు తేదీ రాసి ఇవ్వు. అడిగేవాళ్ళలో మొదటివాడు మీ పెద్ద బాసే అవుతాడు, పందెం. ఆయనకే అందరికంటే ముందు కీ ఇచ్చి, మొదటి బ్యాచిలో మామూలు కుర్చీలో కూర్చోబెట్టు. అందరికంటే గట్టిగా గొణిగే ఆ అకౌంట్స్ ఆవిడ ఉన్నారన్నావే, ఆవిణ్ణీ అదే బ్యాచిలో. ఆవిడ అడిగే ప్రశ్నలు రాసిపెట్టుకో, అవే నీకు రెండో క్లాసు. సొంత ఫోనులో ఆఫీసు యాప్ పెట్టనని భీష్మించుకున్న కుర్రాడి సంగతి వేరు, అతను అడిగింది న్యాయమేరా. ఆ యాప్ ఏం చూడగలదో, ఫోను తుడిచేయగలదో లేదో కాగితం మీద రాసి ఇవ్వగలవా? ఇవ్వలేకపోతే అతనికి కీ ఇచ్చెయ్, వాదన వద్దు. అసలు అతనితో మొదటే…

అయ్యో, టపా తీసుకెళ్ళే మనిషి గుమ్మంలో నించున్నాడు. మొదటి బ్యాచిలో ఎన్ని నిమిషాలు పట్టిందో రాయి, హెల్ప్‌డెస్క్ ఫోనుతో సహా. అబద్ధం రాశావో, ఆ మూడో మెట్టు కథ మీ ఆవిడకి చెప్పేస్తా.

నీ
మారు తాళంచెవి