అన్నం మానేయమని చెప్పే మీ కాఫీ డబ్బా మీద ఫిర్యాదు

మారతహళ్లి, బెంగళూరు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: మీ ఇన్‌స్టంట్ కాఫీ డబ్బా మీద ఉన్న "లంచ్ బదులు ఒక్క కప్పు" అనే మాట తీసేయాలని.

అయ్యా,

మా చెల్లెలు ఇక్కడ పీజీలో ఉండి ఉద్యోగం చేస్తోంది. మాఘమాసంలో పెళ్లి. ఈలోపు నాలుగు కిలోలు తగ్గాలని రెండు నెలల కింద మీ కాఫీ మొదలుపెట్టింది. పొద్దున ఒక సాషే, మధ్యాహ్నం అన్నం బదులు ఒకటి, నాలుగింటికి ఇంకొకటి. డబ్బా మీద మీరు రాసిందీ అదే. ఆఫీసు కింద దర్శిని హోటల్లో వేడి అన్నం, సాంబారు దొరుకుతున్నా అటు వెళ్లడం మానేసింది.

నేనొచ్చి వారం రోజులు దాని దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం నిజంగానే ఆకలి లేదంటుంది. సాయంత్రానికి చేతుల్లో వణుకు, కడుపులో మంట. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆగలేక చిప్స్, బిస్కెట్లు, ఏది దొరికితే అది తినేస్తుంది. ఒంటిగంట దాటినా నిద్ర పట్టదు. బరువు అర కిలో కూడా తగ్గలేదు. పోయిన వారం రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. దానికి ముందునుంచీ రక్తం తక్కువే, అంతా మీ కాఫీ వల్లే అనను. కానీ అలాంటి పిల్లకు అన్నం మానేయమని ఎలా చెప్తారు?

కాఫీ తాగితే ఆకలి చస్తుందని మా అమ్మమ్మ కూడా అనేది. అందుకే భోజనాల వేళ ఎవరడిగినా కాఫీ పెట్టేది కాదు. ఆ ఆకలి చావడం కూడా కాసేపే, అందరికీ ఒకేలా ఉండదు. తాగిన మూడు నాలుగు గంటల తర్వాత తినే భోజనం మీద కాఫీ ప్రభావం పెద్దగా లేదని పరిశోధనలు చెప్తున్నాయి. కెఫీన్ మాత్రం అంత త్వరగా పోదు, ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన కాఫీ రాత్రి ఆకలిని ఆపలేదు, నిద్రను చెడగొట్టింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదని, భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని ఉంది. వాటిలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. మీ సాషేలో కెఫీన్ ఎంతో డబ్బా మీద ఎక్కడా లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే "నేచురల్ ప్రొడక్ట్ మేడమ్" అని పెట్టేశారు.

"లంచ్ బదులు ఒక్క కప్పు" అనే మాట డబ్బా మీద, ప్రకటనల్లో తీసేయండి. సాషేకు కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో అచ్చు వేయండి. మా చెల్లెలు కొన్న ఆరు డబ్బాల డబ్బు వెనక్కి ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఫిర్యాదు చేస్తాను. బిల్లులు, డబ్బా ఫోటోలు, రక్తపరీక్ష రిపోర్టు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలి అక్క